కాంట్రాక్ట్ బ్రిడ్జ్: ముక్క వేసే పద్ధతులు

కాంట్రాక్ట్ బ్రిడ్జ్ నలుగురు ఆడే పేకాట. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరిదీ ఒక జట్టు. 52 ముక్కలనూ తలా 13 చొప్పున పంచాక ఆట రెండు అంచెలుగా సాగుతుంది. మొదటిది పాట. ఏ జట్టు ఎన్ని ట్రిక్కులు తెస్తానంటుందో, ఏ సూట్ తురుపో వేలంలో తేలుతుంది. రెండోది ఆట. నలుగురూ తలా ఒక ముక్క వేస్తే ఒక ట్రిక్కు; పాడిన లెక్కే కాంట్రాక్టు. పాడినన్ని ట్రిక్కులు తెచ్చి చూపించాలి. ఈ వ్యాసం రెండో అంచె గురించి, అదీ కొత్తగా నేర్చుకునేవారి కోసం.

పాట పద్ధతులు దేశానికొకటి, ఒక్కోసారి క్లబ్బుకొకటి. అవి మారుతూనే ఉంటాయి. ముక్క వేసే పద్ధతులు అలా కాదు. వాటిలో చాలా భాగం బ్రిడ్జ్ కంటే పాతవి. అయినా కొత్తవాళ్లు పాట నియమాలు బట్టీ పట్టడానికి నెలలు వెచ్చించి, ఆట దగ్గరికి వచ్చేసరికి తోచిన ముక్క వేసేస్తారు. చేతికందిన కాంట్రాక్టులు ఎక్కువగా జారిపోయేది అక్కడే, తరచుగా మొదటి ట్రిక్కులోనే.

పూర్వరంగం

బ్రిడ్జ్‌కు తల్లి ఇంగ్లండులో పుట్టిన విస్ట్. 1742లో ఎడ్మండ్ హోయిల్ విస్ట్ మీద ఒక చిన్న పుస్తకం వేశాడు. పేకాటకు కూడా శాస్త్రం ఉంటుందని లోకానికి తెలిసింది దానితోనే. ఎదుటివాడు రాజు, రాణి ఉన్న సూట్‌లో రాజు వేసినప్పుడు, ఆసూ జాకీ చేతిలో ఉన్నా ఆసు వేయకుండా చిన్న ముక్కతో సరిపెట్టే ఎత్తును నేటికీ ‘బాత్ కూ’ అంటారు. విస్ట్ రోజుల్లో ఆటగాళ్లు చేరే బాత్ పట్టణం పేరు అది.

నేటి కాంట్రాక్ట్ బ్రిడ్జ్ స్కోరు పద్ధతికి రూపం ఇచ్చింది అమెరికా ధనికుడు హెరాల్డ్ వాండర్‌బిల్ట్. 1925లో పనామా కాలువ మీదుగా హవానా వెళ్తున్న ‘ఫిన్లాండ్’ ఓడలో స్నేహితులతో దాన్ని మొదట ఆడి చూశాడు. 1930లలో ఎలై కల్బర్ట్‌సన్ తన పుస్తకాలతో, సవాలు పోటీలతో దాన్ని ఇంటింటి ఆట చేశాడు. ఆటకు సంబంధించిన అసలు పాఠ్యగ్రంథాలు ఆ తర్వాత వచ్చాయి. 1934లో లూయీ వాట్సన్ డిక్లేరర్ ఆట మీద పెద్ద పుస్తకం రాశాడు. 1955లో లండన్ ఆటగాళ్లు విక్టర్ మోలో, నికో గార్డెనర్ కలిసి ముక్కల ఆట మెలకువల మీద మరొకటి రాశారు. ఈ రెండూ నేటికీ పాతబడలేదు.

బల్ల మీద జరిగేది

పాట గెలిచిన జట్టులో ఆ సూట్‌ను మొదట పాడినవారు డిక్లేరర్. ఎదుటి జట్టు ఇద్దరూ డిఫెండర్లు. డిక్లేరర్‌కు ఎడమ పక్కనున్నవారు మొదటి ముక్క వేస్తారు. దీన్ని లీడ్ అంటారు. లీడ్ పడ్డాకే డిక్లేరర్ భాగస్వామి తన 13 ముక్కలూ బల్ల మీద పరిచి చేతులు ముడుచుకుంటారు. ఆ పరచిన చేయి డమ్మీ. అక్కడి నుంచి రెండు చేతులూ డిక్లేరరే ఆడతారు. వేసిన సూట్ చేతిలో ఉంటే అదే వేయాలి. లేకపోతే తురుపు వేయవచ్చు, లేదా పనికిరాని ముక్క పారేయవచ్చు. కాంట్రాక్టు అంకెకు ఆరు కలిపితే తేవలసిన ట్రిక్కులు వస్తాయి. మూడు నో ట్రంప్ (తురుపు లేని ఆట) పాడితే తొమ్మిది, నాలుగు ఇస్పేట్లు పాడితే పది.

డమ్మీ కనిపించగానే ఆగి లెక్క చూసుకోవడం ఈ ఆటలో మొదటి విద్య. తురుపు లేని ఆటలో గెలిచే ముక్కలు లెక్కపెట్టాలి. తురుపు ఉన్న ఆటలో పోయే ముక్కలు లెక్కపెట్టడం సుఖం. ఎన్ని ఉన్నాయి, ఇంకా ఎన్ని కావాలి, అవి ఏ సూట్ నుంచి రావచ్చు, ఆ లోపు ఎదుటివాళ్లు ఏం చేయగలరు అన్న లెక్క తెగాకే డమ్మీ నుంచి ముక్క కదలాలి. కింద చెప్పే ఎత్తులన్నీ ఈ లెక్కలోంచి పుట్టినవే. లెక్క చూడకుండా ఎత్తులు నేర్చినవారు వాటిని తప్పు చోట వాడతారు.

ఒక చేయి దగ్గర నుంచి

ఆటగాళ్లను కూర్చున్న దిక్కు పేరుతో పిలుద్దాం. దక్షిణం మూడు నో ట్రంప్ ఆడుతున్నారు. పడమర ఇస్పేటు 6 లీడ్ చేశారు.

ఉత్తరం (డమ్మీ): ఇస్పేటు 7, 4; ఆటీను రాజు, 6, 3; డైమను ఆసు, జాకీ, 10, 9, 5; కళావరు రాజు, 8, 2.

దక్షిణం: ఇస్పేటు ఆసు, 9, 3, ఆటీను ఆసు, 8, 4, డైమను రాణి, 8, 3, కళావరు ఆసు, రాణి, 6, 4.

లెక్క: ఇస్పేటులో ఒకటి, ఆటీనులో రెండు, డైమనులో ఒకటి, కళావరులో మూడు. మొత్తం ఏడు. ఇంకా రెండు కావాలి. అవి డైమనులోంచి వస్తాయి. చేతిలోంచి డైమను రాణి వేసి, పడమర రాజు పెట్టకపోతే డమ్మీ నుంచి చిన్న ముక్క వేస్తారు. రాజు పడమర దగ్గరుంటే ఐదు డైమను ట్రిక్కులు. తూర్పు దగ్గరుంటే ఒకటి పోయి నాలుగు వస్తాయి. రెండు రకాలుగానూ కాంట్రాక్టు అయినట్టే కనిపిస్తుంది. మరి చిక్కెక్కడ? తూర్పు డైమను రాజుతో గెలిస్తే వెంటనే ఇస్పేటు తిరిగి వేస్తారు. అప్పటికి మన ఇస్పేటు ఆసు ఖర్చయి ఉంటే ఆ సూట్‌లో నాలుగు ట్రిక్కులు వరసగా పోతాయి. డైమనుతో కలిపి ఐదు. ఒక ట్రిక్కు తక్కువ.

ఇప్పుడు మొదటి ట్రిక్కు. లీడ్ 6, డమ్మీ 4, తూర్పు రాణి. ఆసు వేయాలని చేయి లాగుతుంది. వేయకూడదు, 3 వేయాలి. తూర్పు 10 తిరిగి వేస్తారు. ఇప్పుడూ ఆసు దాచి 9 వేయాలి. మూడోసారి తూర్పు 5 వేస్తే తప్పనిసరిగా ఆసుతో గెలుస్తాం. డమ్మీ నుంచి చిన్న ఆటీను పారేస్తాం. అప్పుడు డైమను రాణి. తూర్పు రాజుతో గెలిచినా వారి దగ్గర ఇస్పేటు లేదు. పడమర దగ్గర పండిన ఇస్పేట్లు ఉన్నాయి గానీ వారి చేతికి ఆట వెళ్లే దారి లేదు. రెండు ఇస్పేట్లు, ఒక డైమను పోయి పది ట్రిక్కులు వస్తాయి. ఇలా గెలిచే ముక్కను వెనక్కి పట్టి ఉంచడాన్ని హోల్డప్ అంటారు.

తూర్పు దగ్గర మూడు కాదు, నాలుగు ఇస్పేట్లు ఉంటే? అప్పుడు పడమర దగ్గరా నాలుగే. ఇస్పేటులో పోయేవి మూడే, డైమనుతో కలిసి నాలుగు. తొమ్మిది ట్రిక్కులు క్షేమం. ఎన్నిసార్లు వెనక్కి పట్టాలో ఒక సులువు లెక్క ఉంది. 7లోంచి ఆ సూట్‌లో మన రెండు చేతుల్లోని ముక్కలు తీసేయాలి. ఇక్కడ ఐదు. మిగిలింది రెండు. రెండుసార్లు. ఇది గుర్తుపెట్టుకోవడానికి బాగుంటుంది గానీ గుడ్డిగా నమ్మరాదు. ఆ డైమను ట్రిక్కు పడమర చేతికి పోయే అమరిక అయి ఉంటే ఎన్నిసార్లు ఆసు దాచినా ఫలం సున్నా. ఏ డిఫెండర్ చేతికి ఆట పోతే ముప్పో ముందు తేల్చుకోవాలి. హోల్డప్ ఆ తర్వాతి మాట.

ఫినెస్

కొత్తవారు మొదట మోజుపడే ఎత్తు ఇది. డమ్మీలో ఆసూ రాణీ ఉన్నాయి, మధ్యలో రాజు లేదు. మన చేతిలోంచి చిన్న ముక్క డమ్మీ వైపు వేసి, ఎడమ పక్కవారు చిన్నది వేస్తే రాణి వేస్తాం. రాజు వారి దగ్గరుంటే రాణి గెలుస్తుంది. కుడి పక్కవారి దగ్గరుంటే పోతుంది. అవకాశం సగానికి సగం.

పెద్ద ముక్క ఉన్నవైపు చిన్న ముక్క వేయడం ఇందులోని సూత్రం. ఇది మరచినప్పుడు పొరపాటు జరుగుతుంది. డమ్మీలో ఆసు, 6, 4, చేతిలో రాణి, 7, 3 ఉన్నప్పుడు చాలామంది రాణి వేసి ఆసు వైపు పంపుతారు. జాకీ మన దగ్గర లేదు. ఎడమ పక్కవారు రాజు పెడితే ఆసు వేయాలి, అక్కడితో మన పెద్ద ముక్కలు రెండూ ఒకే ట్రిక్కులో చెల్లిపోయాయి. రాజు కుడివైపు ఉంటే రాణి ఎలాగూ పోయింది. అంటే ఎటు చూసినా లాభం లేదు. ముందు ఆసు వేసి, ఆ తర్వాత డమ్మీ నుంచి చిన్నది రాణి వైపు వేస్తే, రాజు కుడివైపు ఉన్నప్పుడు రాణికి ఒక ట్రిక్కు దక్కుతుంది. పెద్ద ముక్కను ముందు వేసి ఫినెస్ చేయడం దాని పక్క ముక్కలు కూడా మన దగ్గర ఉన్నప్పుడే చెల్లుతుంది. పై ఉదాహరణలో రాణి వెనుక జాకీ, 10, 9 ఉన్నాయి, అందుకే రాణి వేశాం.

ఇంకో మాట. ఫినెస్ సగం అవకాశపు పందెం కాబట్టి వీలైతే చివరికి వాయిదా వేయాలి. ఒక ట్రిక్కు తక్కువైంది, ఫినెస్ తప్పితే కాంట్రాక్టు పోతుంది అనుకుందాం. మరో సూట్‌లో ఆసు, రాజు, రాణి, 4 ఒక చేతిలో, 7, 5, 2 మరో చేతిలో ఉన్నాయి. ముందు ఆ మూడు పెద్ద ముక్కలూ వేసి చూడాలి. ఎదుటి ఆరు ముక్కలు మూడు మూడుగా ఉంటే ఆ 4 గెలుస్తుంది, ఫినెస్ అవసరమే రాదు. లేకపోతే అప్పుడు ఫినెస్. మొదటి అవకాశం 36 శాతం, మిగతా 64లో సగం కలిస్తే 68 శాతం. వరస తప్పి ముందే ఫినెస్ చేసినవారికి దక్కేది 50.

ముక్కలు ఎలా విడిపోతాయి

ఒక్కరి చేతికి రాగల 13 ముక్కల కలయికలు 63,501 కోట్ల పైచిలుకు. వాటిని గుర్తుపెట్టుకోవడం ఎవరి వల్లా కాదు, అవసరమూ లేదు. ఎదుటి ఇద్దరి మధ్య ఒక సూట్ ఎలా పంచుకుపోతుందో నాలుగైదు అంకెలు చాలు. ఐదు ముక్కలు బయట ఉంటే 3-2గా ఉండే అవకాశం 68 శాతం, 4-1గా 28. ఆరు ఉంటే 4-2గా 48 శాతం, 3-3గా 36. నాలుగు ఉంటే 3-1గా 50 శాతం, 2-2గా 40. బయట ఉన్నవి బేసి అయితే దాదాపు సమంగా విడిపోతాయి, సరి అయితే తరచుగా హెచ్చుతగ్గులుగా పోతాయి. కొత్తవారు ఆరు ముక్కలు మూడు మూడుగా ఉంటాయని ఆశపడి దెబ్బతినేది అందుకే.

ఈ అంకెలు ఆటను ఎలా మారుస్తాయో చూడండి. డమ్మీలో ఆసు, రాజు, 7, 5, 4 ఉన్నాయి. చేతిలో 8, 3, 2. ఆ ఒక్క సూట్ తప్ప డమ్మీలోకి మరో దారి లేదు. ఆసూ రాజూ ముందే వేసేస్తే మూడోది ఎదుటివారికి పోయి, పండిన రెండు ముక్కలు డమ్మీలో చిక్కుకుంటాయి. అందుకని మొదటి రౌండు రెండు వైపులా చిన్నవి వేసి వదిలేయాలి. తర్వాత చేతికి ఆట రాగానే చిన్నది ఆసు వైపు, ఆపైన రాజు, ఆపైన రెండు పొడుగు ముక్కలు. ముక్కలు 3-2గా ఉన్నంత వరకు నాలుగు ట్రిక్కులు. ఎలాగూ పోవలసిన ట్రిక్కును ముందే పోనివ్వడం కొత్తవారి మనసుకు రుచించదు, కాని ఆట ముదిరేకొద్దీ ఎక్కువగా వాడేది దీన్నే.

ఒక చేతి నుంచి మరో చేతికి వెళ్లే దారిని ఎంట్రీ అంటారు. ముక్కలు తక్కువ ఉన్న వైపు పెద్ద ముక్క ముందు వేయాలన్నది ఇందులో తొలి సూత్రం. చేతిలో రాజు, 4, డమ్మీలో ఆసు, రాణి, జాకీ, 6, 3 ఉంటే ముందు రాజు, తర్వాత 4తో డమ్మీకి. తిరగేస్తే రాజు దారికి అడ్డం పడుతుంది.

తురుపు ఉన్నప్పుడు

తురుపులు ముందే లాగేయాలా, ఆగాలా అన్నది ఈ ఆటలో నిత్యం వచ్చే ప్రశ్న. మనకు పండిన పెద్ద ముక్కలు ఉండి, పోయేవి కాంట్రాక్టు తట్టుకునేంతలోనే ఉంటే లాగేయాలి. లేకపోతే చిన్న తురుపుతో మన ఆసును కూడా కోసేస్తారు. లాగేటప్పుడు 13 లెక్కపెట్టనవసరం లేదు. మన దగ్గర ఎనిమిది ఉంటే బయట ఐదు. ఆ ఐదు ఎప్పుడు పడ్డాయో చూసుకుంటే చాలు.

ఆగవలసిన సందర్భాల్లో ముఖ్యమైనది డమ్మీ తురుపుతో కొట్టుకోవడం. ఇస్పేటు తురుపు. చేతిలో ఆసు, రాజు, రాణి, 9, 5, డమ్మీలో జాకీ, 7, 3. ఆటీనులో చేతిలో ఆసు, 8, 2, డమ్మీలో ఒక్క 4. ముందే మూడుసార్లు తురుపు లాగితే డమ్మీలో తురుపులు అయిపోయి ఆటీను 8, 2 రెండూ పోతాయి. ముందు ఆటీను ఆసు వేసి, 8ని డమ్మీ తురుపుతో కోసి, చేతికి తిరిగొచ్చి 2ని కూడా కోసుకుంటే చేతిలోని ఐదు తురుపులకు తోడు డమ్మీలోని రెండు ట్రిక్కులూ వస్తాయి. ఐదు ఏడయ్యాయి. పొడుగు తురుపులున్న చేతిలో కోస్తే ఈ లాభం రాదు. ఆ తురుపులు ఎలాగూ గెలిచేవే. తురుపులు తక్కువ ఉన్న చేతిలో కోసినదే అదనం. దీన్ని గ్రహించడానికి చాలామందికి ఏడాది పడుతుంది, అర్థమైన రోజు నుంచి ఆట ఒక మెట్టు పెరుగుతుంది.

ఎదుటి పక్షం

డిఫెన్స్ ఈ ఆటలో అన్నిటికంటే కష్టమైన భాగం. డిక్లేరర్ తన జట్టు 26 ముక్కలూ చూస్తూ ఆడతారు. డిఫెండర్‌కు కనిపించేవీ 26 ముక్కలే, తనవీ డమ్మీవీ. భాగస్వామివి మాత్రం కనపడవు. ఆ లోటు తీర్చడానికే నియమాలు, సంకేతాలు.

నో ట్రంప్‌కు లీడ్ చేసేటప్పుడు మన పొడుగు సూట్‌లో పైనుంచి నాలుగో ముక్క వేయడం వాడుక. రాజు, రాణి, జాకీ వరసగా ఉంటే పైది. దీన్ని చదవడానికి 11 సూత్రం ఉంది. అమెరికాలో స్థిరపడిన విస్ట్ ఆటగాడు ఆర్.ఎఫ్. ఫాస్టర్ పేరుతో అది వ్యాప్తిలోకి వచ్చింది. లీడ్ ముక్క అంకెను 11లోంచి తీసేస్తే, దానికంటే పెద్ద ముక్కలు మిగతా మూడు చేతుల్లో ఎన్ని ఉన్నాయో వస్తుంది. పై ఉదాహరణలో లీడ్ 6. 11లో 6 పోతే 5. డమ్మీలో 7 ఒకటి. తూర్పు చేతిలో రాణి, 10. కాబట్టి దక్షిణం దగ్గర 6 కంటే పెద్దవి రెండే అని తూర్పుకు మొదటి ట్రిక్కులోనే తెలుస్తుంది. దక్షిణం కూడా ఇదే లెక్క వేసుకోవచ్చు. సూత్రం అందరిదీ. మొదటి లీడ్ నాలుగో ముక్క కాకపోతే మాత్రం ఇది పనిచేయదు.

రెండో స్థానంలో చిన్నది, మూడో స్థానంలో పెద్దది అనే పాత సూత్రం పదిలో ఏడెనిమిదిసార్లు సరైనదే. రెండో స్థానంవారు తొందరపడి రాజు పెట్టేస్తే డిక్లేరర్‌కు ఊహించే పని లేకుండా పోతుంది. మూడో స్థానంలో పక్క పక్క పెద్ద ముక్కలుంటే వాటిలో చిన్నది వేయాలి. రాణి, జాకీ ఉంటే జాకీ. లీడ్ చేసేటప్పుడు పైది, మూడో స్థానంలో కిందది. డిక్లేరర్ వేసిన పెద్ద ముక్క మీద మన పెద్ద ముక్క వేయాలా అన్నదానికి జవాబు ఒక్కటే: అలా వేస్తే మనకో, భాగస్వామికో కింది ముక్క పైకి వస్తుందంటేనే వేయాలి.

సంకేతాల్లో ఒక్కటి నేర్చుకుంటే మొదట్లో చాలు. భాగస్వామి వేసిన సూట్‌లో మన పెద్ద అంకె ముక్క పడితే ‘ఇదే మళ్లీ వేయి’ అని, చిన్నది పడితే ‘వద్దు’ అని.

ఇక్కడితో మొదటి మెట్టు అయిపోతుంది. స్క్వీజ్, ఎండ్ ప్లే, తురుపులను తగ్గించుకునే ఎత్తులు తర్వాతి సంగతి. ముందు లెక్క అలవాటు కావాలి. పదమూడు ముక్కల చేతుల్లో 4-4-3-2 ఆకారం అన్నిటికంటే ఎక్కువగా, వందకు ఇరవై ఒకటికి పైగా వస్తుంది. ఇలాంటి ఆకారాలు కంటికి అలవాటైతే ఎదుటి చేయి దానంతట అదే కనపడడం మొదలవుతుంది.

అదృష్టమా, నైపుణ్యమా

బ్రిడ్జ్ అదృష్టపు ఆటా, నైపుణ్యపు ఆటా అన్న ప్రశ్నకు మన ప్రాంతంతో సంబంధం ఉంది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో రమ్మీ ఆటకు సంబంధించి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పెట్టిన కేసులో 1967లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రమ్మీ కేవలం అదృష్టం మీద నడిచే ఆట కాదని, అందులో అదృష్టం బ్రిడ్జ్‌లో ముక్కలు పంచేటప్పుడు ఉండే అదృష్టం లాంటిదేనని కోర్టు పోల్చింది. అంటే బ్రిడ్జ్ నైపుణ్యపు ఆట అన్నది అక్కడ రుజువు చేయవలసిన విషయం కూడా కాదు, కొలబద్ద. పోటీల్లో ఆడే డూప్లికేట్ బ్రిడ్జ్‌లో ఒకే చేతులు అన్ని బల్లల మీదా తిరుగుతాయి కాబట్టి పంచేటప్పటి అదృష్టం కూడా దాదాపు పోతుంది. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో పురుషుల జంటల బ్రిడ్జ్ స్వర్ణం భారత్‌కు తెచ్చిన ప్రణబ్ బర్ధన్‌కు అప్పటికి 60 ఏళ్లు, శిబ్‌నాథ్ సర్కార్‌కు 56.

నేర్చుకునే దారి

ఆట ముందు, పాట తర్వాత అన్న వరసలో నేర్పే పద్ధతి ఒకటి ఉంది. దాని పేరు మినీబ్రిడ్జ్. ఫ్రాన్సులో మొదలై నెదర్లాండ్స్‌లో రూపుదిద్దుకుంది. ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1 చొప్పున ప్రతివారూ తమ పాయింట్లు చెప్తారు. ఎక్కువ ఉన్న జట్టు డిక్లేరర్ పక్షం. డమ్మీ ముందే కనిపిస్తుంది, దాన్ని చూసి ఎన్ని ట్రిక్కులు తేవాలో నిర్ణయించుకుంటారు. వేలం లేదు. మొదటి రోజునే ఫినెస్, హోల్డప్ బల్ల మీదికి వస్తాయి. పాట పుస్తకం కొని అలమరలో పెట్టుకున్నవారు ముందు ముగ్గురు స్నేహితులను పోగుచేసి, ఈ పద్ధతిలో ఒక నెల ఆడి చూడాలి.